కవరు విప్పేదెవరు? అమెరికా అధ్యక్షుడి గోప్యత, దాని హద్దులు

1948 అక్టోబరు 6న జార్జియా రాష్ట్రంలోని వేక్రాస్ దగ్గర అమెరికా వైమానిక దళం బీ-29 విమానం ఒకటి ఇంజనుకు నిప్పంటుకుని కూలిపోయింది. విమానంలో 13 మంది ఉంటే 9 మంది చనిపోయారు. వారిలో ముగ్గురు పౌర ఇంజనీర్లు. రహస్య ఎలక్ట్రానిక్ పరికరాల పరీక్ష కోసం ఎక్కినవాళ్లు. ముగ్గురి భార్యలూ ప్రభుత్వం మీద నష్టపరిహారం దావా వేసి, ప్రమాదంపై వైమానిక దళం తయారుచేసిన విచారణ నివేదికను ఇప్పించమని అడిగారు. అందులో సైనిక రహస్యాలున్నాయి, ఇవ్వం అంది ప్రభుత్వం. అలాగైతే నివేదికను తన ఒక్కడికే చూపించాలని, రహస్యం ఉందో లేదో తానే చదివి తేలుస్తానని జిల్లా జడ్జి ఆదేశించారు. దానికీ ప్రభుత్వం ఒప్పుకోలేదు. జడ్జి ఆ స్త్రీల పక్షాన తీర్పు ఇచ్చారు, అప్పీలు కోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. 1953 మార్చి 9న సుప్రీంకోర్టు 6-3 తేడాతో ఆ తీర్పును కొట్టేసింది. తొమ్మిది మంది న్యాయమూర్తుల్లో ఒక్కరూ ఆ నివేదిక తెరిచి చూడలేదు.

ఆ నివేదిక దశాబ్దాల తర్వాత రహస్య ముద్ర పోగొట్టుకుంది. చనిపోయిన ఇంజనీర్లలో ఒకరి కుమార్తె చేతికి 2000లో అందింది. అందులో పరికరాల రహస్యాలు లేవు. ఇంజను పొగగొట్టాల దగ్గర మంటలు రాకుండా వేడి కవచాలు బిగించాలని ముందే ఉత్తర్వులున్నా ఆ విమానానికి బిగించలేదని ఉంది. ప్రమాదం వస్తే ఏం చేయాలో ఎక్కిన పౌరులకు సరిగ్గా చెప్పలేదని ఉంది. అంటే నిర్వహణ లోపం. ఆ కుటుంబాలు పాత కేసు మళ్లీ తెరవమని కోర్టుకెళ్లాయి. నివేదికలో ఉన్న మామూలు వివరాలు కూడా 1950ల పరిస్థితుల్లో శత్రువుకు పనికొచ్చి ఉండవచ్చు కాబట్టి ప్రభుత్వం మోసం చేసిందని తేల్చలేమని 2005లో అప్పీలు కోర్టు తోసిపుచ్చింది. 2006లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. ఇప్పటికీ 'యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ రేనాల్డ్స్' అనే ఆ 1953 తీర్పే దేశ రహస్యాల విషయంలో మూలస్తంభం.

అధ్యక్షుడికి రహస్యాలు ఉండకూడదని ఎవరూ అనరు. సైన్యం కదలికలు, గూఢచారుల పేర్లు, ఇంకా తెమలని ఒప్పందాల బేరసారాలు బజారున పెడితే ప్రాణాలే పోతాయి. అసలు తగువు వేరే చోట ఉంది. ఇది రహస్యమేనా అని తేల్చేది దాన్ని దాచుకున్నవాడేనా, లేక కవరు విప్పి చూసే మూడో మనిషి ఒకడు ఉండాలా? అమెరికాలో దాదాపు రెండున్నర శతాబ్దాలుగా అధ్యక్ష అధికారానికి పడిన హద్దులన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాయి. మూడో మనిషి చూసిన చోట హద్దు నిలబడింది. చూడని చోట కాగితం మీదే మిగిలింది.

మూడు వేర్వేరు అధికారాలు

చర్చల్లో తరచూ కలగాపులగం అయ్యే సంగతి ఒకటి ముందే విడదీయాలి. గోప్యత అని మనం ఒకే మాటతో పిలిచే దాని వెనుక మూడు వేర్వేరు అధికారాలున్నాయి.

మొదటిది ఎగ్జిక్యూటివ్ ప్రివిలేజ్. సలహాదారులతో అధ్యక్షుడు మాట్లాడుకున్నది కాంగ్రెస్‌కో (అమెరికా పార్లమెంటు) కోర్టుకో ఇవ్వననే హక్కు. రాజ్యాంగంలో ఈ మాట ఎక్కడా లేదు. 1796లో బ్రిటన్‌తో కుదిరిన జే ఒప్పందం కాగితాలను ప్రతినిధుల సభ అడిగితే తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ ఇవ్వలేదు. ఒప్పందాల్లో ఆ సభకు పాత్ర లేదన్నది ఆయన వాదన. అయితే అభిశంసన కోసం అడిగితే సంగతి వేరని ఆయనే ఒప్పుకున్నారు, ఈ భాగాన్ని తర్వాతి అధ్యక్షులు ఉదహరించేది తక్కువ. 1954 మే 17న సైన్యానికీ సెనేటర్ మెకార్థీకీ మధ్య తగువుపై విచారణ జరుగుతుండగా, సలహాల విషయాలపై సాక్ష్యం ఇవ్వొద్దని ఐసెన్‌హోవర్ తన రక్షణ మంత్రికి లేఖ రాశారు. ప్రివిలేజ్ అనే ఈ మాట చలామణీలోకి వచ్చింది ఆ దశాబ్దంలోనే.

రెండోది పైన చూసిన స్టేట్ సీక్రెట్స్ హక్కు. ఇది వ్యాజ్యాల్లో సాక్ష్యాన్ని బయటికి రానివ్వని ఆయుధం. శాఖాధిపతి స్వయంగా కాగితాలు పరిశీలించి, అధికారికంగా, ప్రమాణపత్రం ద్వారా కోరాలి. కింది అధికారి సంతకం చాలదు. అయినా ఆ ప్రమాణపత్రం సరిగ్గా ఉంటే జడ్జి అసలు కాగితం చూడకుండానే ఆగిపోవచ్చని రేనాల్డ్స్ తీర్పు దారి చూపింది. 2022లో గ్వాంటనామో ఖైదీ అబూ జుబేదా కేసులో ఇది ఎంతదాకా వెళ్లిందో కనిపించింది. పోలండ్‌లో సీఐఏ నడిపిన రహస్య నిర్బంధ కేంద్రం గురించి యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 2014లోనే తీర్పు ఇచ్చేసింది, పత్రికలన్నీ రాశాయి. అయినా అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టర్లు నోరు విప్పితే అది ప్రభుత్వమే ధ్రువీకరించినట్టవుతుందని సుప్రీంకోర్టు అడ్డుచెప్పింది. లోకమంతా ఎరిగిన విషయాన్ని రహస్యమని ఎలా అంటామని న్యాయమూర్తి గోర్సచ్ భిన్నాభిప్రాయం రాశారు, సోటోమేయర్ ఆయనతో కలిశారు. రాజకీయంగా చెరో దిక్కున ఉండే ఇద్దరు ఈ విషయంలో ఒక్కటవడం గమనించదగ్గది.

మూడోది క్లాసిఫికేషన్, అంటే కాగితాల మీద కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్ ముద్రలు. అణు సమాచారాన్ని మినహాయిస్తే ఇది చాలావరకు అధ్యక్షుడి ఉత్తర్వుల మీదే నడుస్తుంది. అణ్వాయుధాల రూపకల్పన సమాచారానికి 1954 అటామిక్ ఎనర్జీ చట్టం ఉంది, దాన్ని విడుదల చేసే పద్ధతి కూడా ఆ చట్టమే చెబుతుంది. ముద్ర పడిన కాగితాన్ని కాంగ్రెస్ చూడకూడదనో జడ్జి చూడకూడదనో ఎక్కడా లేదు. కాంగ్రెస్ సభ్యులకు విడిగా భద్రతా అనుమతి కూడా అక్కర్లేదు, పదవే అనుమతి. కాబట్టి, కాంగ్రెస్ అడిగినప్పుడు ఒక అధికారి అది క్లాసిఫైడ్ అని మాత్రమే చెప్పి ఊరుకుంటే అది చట్టపరమైన జవాబు కాదు. ప్రివిలేజ్ కోరుతున్నారా లేదా అని రెండో ప్రశ్న వేయాలి. అనుభవం ఉన్న కమిటీ లాయర్లు వెంటనే అదే వేస్తారు.

ఏడు మైకులు, ఎనిమిది ఓట్లు

మూడో మనిషి చూసిన కేసు ఎలా ఉంటుందో నిక్సన్ టేపులు చెబుతాయి. 1971 ఫిబ్రవరిలో సీక్రెట్ సర్వీస్ సాంకేతిక సిబ్బంది ఓవల్ ఆఫీసులో అధ్యక్షుడి బల్లలో ఐదు మైకులు, నిప్పుగూటి పక్క దీపాల్లో రెండు మైకులు అమర్చారు. మాట వినిపించగానే యంత్రం దానంతటదే తిరుగుతుంది. టేపు ఎక్కువసేపు రావాలని చాలా పలచటిది వాడారు, వేగం బాగా తగ్గించారు. అందుకే ఆ రికార్డింగుల్లో మాట అంత మసగ్గా ఉంటుంది. కాఫీ కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడుకు వాక్యం మునిగిపోతుంది. కేబినెట్ గదిలో మాత్రం మీట నొక్కాలి. 1973 జులై దాకా ఇలా దాదాపు 3,700 గంటలు రికార్డయ్యాయి. వ్యవస్థ సంగతి తెలిసినవాళ్లు బొటాబొటి కొద్దిమంది. వారిలో ఒకరైన అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ 1973 జులై 16న, వాటర్‌గేట్ వ్యవహారాన్ని (ప్రతిపక్ష పార్టీ కార్యాలయంలో చొరబాటు, దాన్ని కప్పిపుచ్చడం) విచారిస్తున్న సెనేట్ కమిటీ ముందు సూటిగా అడిగితే సూటిగా చెప్పేశారు.

తర్వాతి సంవత్సరం అంతా పెనుగులాటే. టేపులు కోరిన ప్రత్యేక ప్రాసిక్యూటర్ ఆర్చిబాల్డ్ కాక్స్‌ను తొలగించమని నిక్సన్ 1973 అక్టోబరు 20న ఆదేశించారు. అటార్నీ జనరల్ రిచర్డ్‌సన్ ఆ పని చేయలేక రాజీనామా చేశారు, ఉప అటార్నీ జనరల్ రకెల్‌షాస్ కూడా తప్పుకున్నారు, మూడో వరుసలో ఉన్న బోర్క్ సంతకం పెట్టారు. నవంబరులో 1972 జూన్ 20 నాటి టేపులో పద్దెనిమిదిన్నర నిమిషాల ఖాళీ ఉందని తేలింది. పొరపాటున కొంత తానే చెరిపి ఉంటానని కార్యదర్శి రోజ్ మేరీ వుడ్స్ చెప్పారు. కోర్టు నియమించిన నిపుణుల బృందం టేపు మీద అయస్కాంత గుర్తులు పరిశీలించి, చెరపడం కనీసం ఐదు విడి విడి సార్లు జరిగిందని తేల్చింది. ఒకసారి కాలు జారితే పడే గుర్తులు కావవి.

కొత్త ప్రాసిక్యూటర్ లియోన్ జావోర్‌స్కీ 1974 ఏప్రిల్‌లో 64 సంభాషణలు కోరుతూ సబ్‌పీనా (తప్పక అప్పగించాలనే ఆదేశం) తెచ్చారు. ఆయన అడిగిన తీరులోనే సగం గెలుపు ఉంది. టేపులన్నీ ఇవ్వమనలేదు. ఫలానా తేదీ, ఫలానా వేళ, ఫలానా మనుషులు అని గుర్తుపట్టి, ఆ నేరవిచారణకు ఎందుకు అవసరమో చూపించారు. జులై 24న సుప్రీంకోర్టు 8-0తో ఇవ్వాల్సిందేనంది. రెన్‌క్విస్ట్ కేసు నుంచి తప్పుకున్నారు, మిగిలిన ఎనిమిది మందిలో ముగ్గురు నిక్సన్ నియమించినవారే. తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి బర్గర్ ఆ ముగ్గురిలో ఒకరు.

ఈ తీర్పును నిక్సన్ ఓటమిగానే చదివితే సగమే చదివినట్టు. అధ్యక్షుడి సంభాషణల గోప్యతకు రాజ్యాంగంలో వేళ్లున్నాయని సుప్రీంకోర్టు మొదటిసారి ఒప్పుకున్నది ఇక్కడే. గోప్యత కావాలని మొత్తంగా చెప్పే కోరిక ఒక నేరవిచారణకు కావలసిన నిర్దిష్టమైన సాక్ష్యం ముందు తలవంచాలి అన్నది దాని సారం. సైనిక, దౌత్య రహస్యాలైతే తూకం వేరుగా ఉంటుందని పక్కకు పెట్టింది. కోర్టు పెట్టిన పద్ధతి కూడా ముఖ్యం. టేపులు నేరుగా ప్రాసిక్యూటర్‌కు వెళ్లలేదు. జడ్జి సిరికా ముందు విని, సంబంధం లేనిది సీలు వేసి తిరిగి ఇచ్చేసి, మిగతాది మాత్రమే పంపాలి. 1972 జూన్ 23న ఎఫ్‌బీఐ దర్యాప్తును సీఐఏ చేత ఆపించాలని నిక్సన్, ఆయన ముఖ్య సహాయకుడు హాల్డెమన్ మాట్లాడుకున్న టేపు రాతప్రతి ఆగస్టు 5న లోకానికి తెలిసింది. ఆగస్టు 9న నిక్సన్ దిగిపోయారు.

తర్వాతి కోర్టులు ఈ హక్కుకు లోపలి గీతలు గీశాయి. 1997లో మాజీ వ్యవసాయ మంత్రి మైక్ ఎస్పీ వ్యవహారంపై నడిచిన కేసులో వాషింగ్టన్ అప్పీలు కోర్టు రెండు రకాలు విడదీసింది. అధ్యక్షుడు, ఆయన దగ్గరి సలహాదారులు సలహా కోసం తయారుచేసినవి బలమైన రక్షణ కిందికి వస్తాయి. శాఖల్లో కింది అధికారులు రాసుకునే ముసాయిదాలది బలహీనమైన రక్షణ, తప్పు జరిగిందన్న ఆధారం ఉంటే పడిపోతుంది. 2022 జనవరిలో మరో గీత పడింది. 2021 జనవరి 6న క్యాపిటల్ (కాంగ్రెస్ భవనం) మీద జరిగిన దాడిపై కమిటీ అడిగిన కాగితాలను ఇవ్వడానికి పదవిలో ఉన్న బైడెన్ ఒప్పుకున్నారు, మాజీ అధ్యక్షుడు ట్రంప్ వద్దన్నారు. ఆపడానికి సుప్రీంకోర్టు నిరాకరించింది, బహిరంగంగా విభేదించింది ఒక్క న్యాయమూర్తి థామస్ మాత్రమే.

కాంగ్రెస్ ఓడేది వాదనలో కాదు, క్యాలెండర్‌లో

కాంగ్రెస్ అడిగినప్పుడు కథ వేరే. ముందు కమిటీ అధ్యక్షుడి ఉత్తరం. తర్వాత నెలల తరబడి బేరం: ఇన్ని పేజీలు చూడనిస్తాం, నకళ్లు ఇవ్వం, మా గదిలోనే చదవాలి. కుదరకపోతే సబ్‌పీనా. ప్రివిలేజ్ కోరే అధికారం అధ్యక్షుడిదేనని, మంత్రులు తమంతట తాము కోరలేరని 1982 నవంబరు 4న రీగన్ జారీచేసిన మెమో చెబుతుంది. అందుకే చాలాసార్లు అధ్యక్షుడు కోరేదాకా విషయం రానివ్వరు. కోరే అవకాశం ఉంది, ఆలోచిస్తున్నాం అంటూ నానుస్తారు. కమిటీ లిఖితంగా అడగాల్సింది అక్కడే: కోరారా, లేదా, ఏ తేదీన?

కోరితే సభ ధిక్కరణ తీర్మానం చేస్తుంది. 1857 చట్టం ప్రకారం అది ఫెడరల్ ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళ్లాలి. ఆ ప్రాసిక్యూటర్ పనిచేసేది అధ్యక్షుడి కిందనే. అధ్యక్షుడి ఆదేశంతో ఆగిన అధికారిని విచారించనక్కర్లేదని 1984లో న్యాయశాఖ అభిప్రాయం రాసిపెట్టుకుంది, రెండు పార్టీల ప్రభుత్వాలూ దాన్నే పాటించాయి. తాళం చెవి ఎవరి దగ్గరుందో వాళ్లనే తలుపు తీయమని అడుగుతున్నట్టు ఉంటుంది. ట్రంప్ మాజీ సలహాదారులు బ్యానన్, నవారో 2024లో నాలుగేసి నెలలు జైలుకు వెళ్లారంటే కారణం, వారి విషయంలో అధ్యక్షుడు ప్రివిలేజ్ సరిగ్గా కోరిన దాఖలా లేదని కోర్టులు చూశాయి. అప్పుడు న్యాయశాఖ కూడా వేరే ప్రభుత్వం చేతిలో ఉంది.

మిగిలింది సివిల్ దావా. అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్‌ను 'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్' ఆయుధాల వ్యవహారంలో సభ 2012 జూన్ 28న ధిక్కరణ కింద నిలబెట్టింది. జిల్లా జడ్జి తీర్పు 2016 జనవరిలో వచ్చింది, వ్యవహారం రాజీతో ముగిసింది 2019లో. అప్పటికి ఆ అటార్నీ జనరల్ లేరు, ఆ అధ్యక్షుడూ లేరు. వైట్‌హౌస్ లాయరు డాన్ మెగాన్‌కు 2019 ఏప్రిల్‌లో సబ్‌పీనా ఇస్తే ఆయన సాక్ష్యం చెప్పింది 2021 జూన్ 4న. ప్రతినిధుల సభ ఆయుష్షు రెండేళ్లు. పాత సభ పోతే దాని సబ్‌పీనా కూడా పోతుంది, కొత్త సభ మళ్లీ జారీచేసుకోవాలి. అధ్యక్షుడి లాయర్లకు ఇది కంఠతా వచ్చు. గెలవనక్కర్లేదు, కొత్త సభ కొలువుదీరే జనవరి 3 దాకా లాగితే చాలు.

కాంగ్రెస్‌కు నిజంగా పనిచేసే సాధనం ఖజానా. నివేదిక వచ్చేదాకా ఫలానా కార్యాలయం నిధుల్లో కొంత ఆపుతాం అని బడ్జెట్ చట్టంలో ఒక వాక్యం రాస్తే కాగితాలు వారాల్లో కదులుతాయి. సెనేట్ చేతిలో నియామకాల ఆమోదం కూడా ఉంది. ఈ రెండూ కోర్టు మెట్లు ఎక్కనక్కర్లేనివి. సభలు వీటిని ఇంత తక్కువగా వాడుకోవడం న్యాయశాస్త్రం వల్ల వచ్చిన బలహీనత కాదు, సొంత పార్టీ అధ్యక్షుడి మీద చేయి ఎత్తలేని మొహమాటం వల్ల వచ్చింది.

అయితే ఖజానా కూడా ఏం జరుగుతోందో తెలిస్తేనే పనికొస్తుంది. 1969 మార్చి నుంచి 14 నెలలు కంబోడియా మీద బీ-52లతో జరిపిన బాంబుదాడులకు పెంటగాన్‌లో రెండు పద్దులు నడిచాయి. అసలు లక్ష్యాలు ఒక దారిలో వెళ్లాయి, దక్షిణ వియత్నాంలో వేసినట్టు అబద్ధపు లెక్కలు మామూలు రికార్డులోకి ఎక్కాయి. అసలు కాగితాలు తగలబెట్టానని ఒక మేజరు 1973లో సెనేట్ కమిటీకి చెప్పేదాకా సభకు వెళ్లిన లెక్కలు తప్పుడివే. ఆ ఏడాది నవంబరు 7న నిక్సన్ వీటోను దాటి వచ్చిన వార్ పవర్స్ తీర్మానం 48 గంటల్లో తెలపాలనీ, 60 రోజుల్లో అనుమతి రాకపోతే సైన్యాన్ని వెనక్కి రప్పించాలనీ అనడానికి నేపథ్యం ఇదే.

ఎనిమిది మందికి చెప్పిన రహస్యం

విదేశాల్లో చేసే గుప్త చర్యలకు పద్ధతి ఇంకొంచెం గట్టిది. అధ్యక్షుడు 'ఫైండింగ్' అనే పత్రం మీద సంతకం చేయాలి, అంటే ఈ చర్య దేశ భద్రతకు అవసరమని తన పేరుతో ఒప్పుకోవాలి. 1974లో ఈ నియమం వచ్చింది సీఐఏ చేసిన పనులు మాకు తెలియవని అధ్యక్షులు చేతులు దులుపుకోకుండా ఉండేందుకు. 1985 నవంబరులో ఇరాన్‌కు హాక్ క్షిపణులు సీఐఏ సాయంతో చేరిపోయాయి, ఫైండింగ్ లేదు. జరిగిపోయిన దాన్ని కూడా ఆమోదిస్తూ డిసెంబరు 5న రీగన్ ఒక పత్రంపై సంతకం చేశారు. 1986 జనవరి 17న మరో ఫైండింగ్ వచ్చింది, కాంగ్రెస్‌కు చెప్పొద్దని అందులోనే ఆదేశం. నవంబరు 3న లెబనాన్ పత్రిక ఒకటి బయటపెట్టాక, డిసెంబరు నాటి ఆ పత్రాన్ని భద్రతా సలహాదారు పాయిన్‌డెక్స్‌టర్ నవంబరు 21న చించేశారు. బయటపడితే రాజకీయంగా ఇబ్బంది అనే కారణం ఆయనే సాక్ష్యంలో చెప్పారు.

1991 చట్టం ఆ కంతలు పూడ్చింది. ఫైండింగ్ లిఖితంగా ఉండాలి. అత్యవసరమైతే ముందు నోటిమాట చాలు, 48 గంటల్లో కాగితం రావాలి. జరిగిపోయిన దానికి వెనక తేదీతో ఆమోదం చెల్లదు. మరీ సున్నితమైతే రెండు సభల నాయకులు నలుగురు, ఇంటెలిజెన్స్ కమిటీల పెద్దలు నలుగురు, మొత్తం ఎనిమిది మందికి చెబితే చాలు.

ఈ ఎనిమిది మంది ఏర్పాటులోని బలహీనత 2003లో కనిపించింది. 1978 చట్టం పెట్టిన ప్రత్యేక కోర్టును పక్కనపెట్టి ఎన్ఎస్ఏ (జాతీయ భద్రతా సంస్థ) జరిపిస్తున్న నిఘా గురించి సెనేటర్ రాక్‌ఫెల్లర్‌కు చెప్పారు. సిబ్బందికి చెప్పకూడదు, లాయరును అడగకూడదు. తాను సాంకేతిక నిపుణుడినీ కాను, లాయరునీ కానని, ఈ కార్యక్రమాన్ని అంచనా వేయలేకపోతున్నానని జులై 17న ఉపాధ్యక్షుడు చేనీకి సొంత చేతిరాతతో ఉత్తరం రాశారు. టైపు చేయించడానికి కూడా మనిషి లేరు. ఒక నకలును కవరులో పెట్టి సీలు వేసి కమిటీ భద్రపు గదిలో దాచారు. 2005 డిసెంబరులో పత్రికల్లో కార్యక్రమం బయటపడ్డాక ఆ కవరు వెలుగు చూసింది. మూడో మనిషికి చెప్పినట్టే ఉంటుంది, ఆ మనిషి చేతులు మాత్రం కట్టేసి ఉంటాయి.

ముద్ర పడిన కాగితాన్ని అడగడం ఎలా

2009 డిసెంబరు 29 నాటి 13526 నంబరు ఉత్తర్వు ప్రకారం ముద్ర వేసే అధికారి ఏ నష్టం వస్తుందో వివరించగలగాలి. నష్టం అయితే కాన్ఫిడెన్షియల్, తీవ్ర నష్టం అయితే సీక్రెట్, అసాధారణమైన ఘోర నష్టం అయితే టాప్ సీక్రెట్. ఒక్కో పేరాకు ముందు బ్రాకెట్లో దాని స్థాయి ఉండాలి, పత్రం మీద ముద్ర వేసిందెవరు, ఎందుకు, ఎప్పుడు తొలగించాలి అన్నవి ఉండాలి. మామూలుగా 10 ఏళ్లు, అవసరమైతే 25. తర్వాత మినహాయింపుల్లోకి రాకపోతే దానంతటదే తొలగాలి. చట్ట ఉల్లంఘనను దాచడానికో, అసమర్థతను కప్పడానికో, ఇబ్బంది తప్పించుకోవడానికో ముద్ర వేయరాదని 1.7 సెక్షను సూటిగా నిషేధిస్తుంది. బీ-29 నివేదిక లాంటివాటికి రాసిపెట్టినట్టున్న వాక్యం. దాని కింద ఎవరినైనా శిక్షించడం మాత్రం చాలా అరుదు. ఎక్కువ ముద్ర వేసినందుకు ఉద్యోగం పోదు, తక్కువ వేస్తే పోతుంది. కాబట్టి పెన్ను ఎప్పుడూ ఎక్కువ వైపే వాలుతుంది.

పౌరుడికి రెండు దారులు. ఒకటి సమాచార స్వేచ్ఛ చట్టం, ఫోయా. 20 పనిదినాల్లో జవాబు రావాలి, తొమ్మిది మినహాయింపులున్నాయి, చివరికి కోర్టుకు వెళ్లొచ్చు. అమెరికాలో గ్రీన్‌కార్డు, పౌరసత్వం పనుల్లో ఉన్న తెలుగువాళ్లు చాలామందికి ఇది తెలిసిన దారే, తమ ఇమిగ్రేషన్ ఫైలు నకలును యూఎస్‌సీఐఎస్ నుంచి దీని కిందనే తెప్పించుకుంటారు. అదే దరఖాస్తు అధ్యక్షుడికీ, ఆయన దగ్గరి సిబ్బందికీ పనిచేయదు, ఆ కార్యాలయం ఈ చట్టం కిందికి రాదని 1980లోనే సుప్రీంకోర్టు తేల్చింది. రెండో దారి తప్పనిసరి పునఃపరిశీలన. ఫలానా పత్రం అని తేదీ, పేరుతో గుర్తుపట్టి అడగగలిగితే ఇది మేలు. శాఖ కాదంటే అక్కడే అప్పీలు, తర్వాత పలు శాఖల ప్రతినిధులుండే అప్పీళ్ల ప్యానెల్‌కు వెళ్తుంది. కోర్టు అవకాశం ఉండదు, ప్యానెల్ కూడా అధ్యక్షుడి వ్యవస్థలోదే. ఒకే కాగితానికి రెండు దారుల్లోనూ ఒకేసారి దరఖాస్తు పెట్టడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. దేని కింద నడపాలో తేల్చుకోమని తిప్పి అడుగుతారు, నెలలు పోతాయి.

2024 జులై 1

పదవిలో చేసిన పనులకు మాజీ అధ్యక్షుడిని నేరవిచారణ చేయవచ్చా అన్న 'ట్రంప్ వర్సెస్ యునైటెడ్ స్టేట్స్' తీర్పును శిక్ష నుంచి రక్షణగానే ఎక్కువమంది చూశారు. గోప్యత వైపు నుంచి చూస్తే దాని బరువు ఇంకా ఎక్కువ. 6-3 మెజారిటీ అధ్యక్షుడి కీలక రాజ్యాంగ అధికారాలకు పూర్తి రక్షణ ఇచ్చింది, మిగతా అధికారిక పనులకు రక్షణ ఉందనే ఊహతో మొదలుపెట్టమంది, అనధికారికమైన వాటికి లేదంది. న్యాయశాఖ అధికారులతో అధ్యక్షుడి సంభాషణలు మొదటి గదిలోకి వెళ్లాయి. అక్కడితో ఆగలేదు. అధికారిక పని వెనుక ఉద్దేశాన్ని కోర్టు తవ్వకూడదు, ఆ పనిని పరీక్షించే సాక్ష్యాలనూ సలహాదారుల అంతరంగిక కాగితాలనూ వేరే నేరం నిరూపించడానికి కూడా జ్యూరీ ముందు పెట్టకూడదు అంది. ఈ సాక్ష్యాల భాగంలో మాత్రం కలిసింది ఆరుగురు కాదు, ఐదుగురే.

1972 జూన్ 23 టేపును ఈ కొలతతో చూడండి. ఒక దర్యాప్తు సంస్థను ఆపించడానికి మరో సంస్థను వాడమని అధ్యక్షుడు తన ముఖ్య సహాయకుడితో అన్న మాట అది. సహచరుల విచారణ కోసం టేపును తెప్పించే 1974 నాటి దారి మూసుకుపోలేదు. అదే టేపును అధ్యక్షుడి మీద జ్యూరీకి వినిపించడం మాత్రం కొత్త తీర్పు కింద గట్టిగా పోరాడాల్సిన విషయం అయిపోయింది. కవరు విప్పొచ్చు, లోపల ఉన్నదాన్ని చదివి వినిపించకూడదు. మెజారిటీ భయం వెనుక కారణం లేకపోలేదు, ప్రతి కొత్త ప్రభుత్వమూ పాత అధ్యక్షుడిని జైల్లో పెట్టబోతే ఏ అధ్యక్షుడూ ధైర్యంగా నిర్ణయం తీసుకోలేడు. అయితే ఆ భయానికి మందుగా సాక్ష్యాన్నే పక్కనపెట్టడం అవసరానికి మించిన మోతాదు. శిక్ష గురించిన ప్రశ్నను, ఏం జరిగిందో తెలుసుకునే ప్రశ్ననుంచి విడిగా ఉంచి ఉండాల్సింది.

చివరికి మిగిలేది రికార్డు

కోర్టు తలుపు ఇరుకయ్యేకొద్దీ కాగితం మిగిలి ఉందా లేదా అన్నది పెద్ద ప్రశ్న అవుతుంది. చాలాకాలం పాటు అధ్యక్షుడి కాగితాలు ఆయన సొంత ఆస్తి, ఇంటికి తీసుకెళ్లేవారు. 1978 ప్రెసిడెన్షియల్ రికార్డ్స్ చట్టం 1981 జనవరి 20 నుంచి పదవి చేపట్టిన వారందరి రికార్డులనూ ప్రభుత్వ ఆస్తి చేసింది. పదవి దిగిన క్షణం నుంచి అవి నేషనల్ ఆర్కైవ్స్ సంరక్షణలోకి వెళ్లాలి. పదవిలో ఉండగా దేన్నయినా పారేయాలంటే ఆర్కైవిస్టు అభిప్రాయం లిఖితంగా తీసుకోవాలి. 2014 సవరణతో సొంత ఖాతాల్లో పంపిన అధికారిక సందేశాలకు కూడా నకలును 20 రోజుల్లో అధికారిక ఖాతాకు చేర్చాలి.

ఇంత ఉన్నా ఈ చట్టంలో దాన్ని మీరిన అధ్యక్షుడికి శిక్ష లేదు. పదవిలో ఉండగా వెళ్లి తనిఖీ చేసే అధికారం ఆర్కైవిస్టుకు లేదు. ఏది అధికారికం, ఏది సొంతం అని మొదట విడదీసేది అధ్యక్షుడే. క్లింటన్ ఒక చరిత్రకారుడితో మాట్లాడి దగ్గర ఉంచుకున్న టేపుల కేసులో, ఆ విభజనను మార్చే అధికారం ఆర్కైవిస్టుకు లేదని 2012లో ఒక జిల్లా జడ్జి చెప్పారు. ట్రంప్ మొదటి పదవీకాలం కాగితాలు కొన్ని చించిన ముక్కలను టేపుతో అతికించిన స్థితిలో చేరాయని ఆర్కైవ్స్ ధ్రువీకరించింది. అతికించినవారు రికార్డుల సిబ్బంది. కాగితమైతే అతికించవచ్చు. 2025 మార్చిలో యెమెన్ దాడులపై మంత్రులు సిగ్నల్ యాప్‌లో మాట్లాడుకున్న గ్రూపులో సందేశాలు వారాల్లో వాటంతటవే చెరిగిపోయేలా పెట్టి ఉంది. దానికి అతికించే ముక్కలు ఉండవు.

1986లో పాయిన్‌డెక్స్‌టర్, ఆయన కింద పనిచేసిన అధికారి ఒలివర్ నార్త్ తమ ఈమెయిళ్లు చెరిపేసుకున్నామనే అనుకున్నారు. వైట్‌హౌస్ కంప్యూటర్ వ్యవస్థ రాత్రిపూట తీసే బ్యాకప్ టేపుల్లో అవి ఉండిపోయాయి, ఇరాన్ వ్యవహారంలో చాలావరకు కథ వాటి నుంచే తేలింది. రీగన్ దిగిపోయే ముందురోజు, 1989 జనవరి 19న, ఆ టేపులను చెరపకుండా ఆపమని కోర్టులో దావా పడింది. ఈమెయిల్ కూడా రికార్డేనన్న సూత్రం ఆ కేసుతోనే నిలబడింది. ఒక్కరోజు ఆలస్యమైతే కొత్త పాలన కోసం యంత్రాలన్నీ ఖాళీ చేసేవారు.

ఈ చట్టం కింద పదవి దిగిన ఐదేళ్లకు ఫోయా దరఖాస్తులు తీసుకుంటారు. ట్రంప్ మొదటి పదవీకాలం రికార్డులకు ఆ తేదీ 2026 జనవరి 20. సలహాదారులతో అంతరంగిక సంప్రదింపుల మీద అధ్యక్షుడు గరిష్ఠంగా 12 ఏళ్ల ఆంక్ష పెట్టుకోవచ్చు, అంటే 2033 జనవరి దాకా. విడుదలకు ముందు మాజీ అధ్యక్షుడికీ, అప్పటి అధ్యక్షుడికీ నోటీసు వెళ్తుంది, ఇద్దరికీ 60 పనిదినాల గడువు. దరఖాస్తులో తేదీల మధ్య కాలం, అధికారి పేరు, విషయం ఇరుకుగా రాస్తే వరుసలో ముందుకు కదిలే అవకాశం ఎక్కువ. ఆపిన పేజీ చోట ఒక కాగితం పెడతారు, దాని మీద తేదీ, ఎవరి నుంచి ఎవరికి, ఎన్ని పేజీలు, ఏ కారణం కింద ఆపారు అన్నవి ఉంటాయి. దాన్ని పారేయకూడదు. తర్వాత అప్పీలు రాసేటప్పుడు చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.